ఘాట్ దగ్గరికి ఎన్ని గంటలకు చేరుతాం?

 

శబరిమలకు బండ్లు తోలే తమ్ముళ్లు జర ముందుకొచ్చి కూర్చోండి, ఇయ్యాల మాట ఎక్కువగా మీతోనే. నేను రోడ్ల ఇంజినీరుగా పనిచేసి రిటైరైనవాణ్ని. కొండ మీద రోడ్డు ఎట్ల వేస్తారు, అది తోలేవాణ్ని ఎక్కడ మోసం చేస్తుంది అనేదే నాకు తెలిసిన విద్య. దీక్ష, నియమం గురుస్వాములు చెప్తారు, ఆ జోలికి నేను పోను.

నవంబరు నడిమిలో మండల కాలం మొదలైన కాడి నుంచి జనవరిలో మకరజ్యోతి దాకా మన దిక్కు నుంచి శబరిమలకు బండ్లు పోతూనే ఉంటాయి. పోను దారే 1,300 కిలోమీటర్లు దాటుతుంది. చలికాలంలో మన ఊర్ల మనుషులు చేసే కొండ ప్రయాణాల్లో ఇంత పెద్దది ఇంకోటి లేదు. బయలుదేరే ముందు అందరూ అడిగే ప్రశ్న ఒకటే: కుమిళి దారి మంచిదా, పాలక్కాడ్ దారి మంచిదా? నేను మాత్రం ఎదురు ప్రశ్న వేస్తాను. ఘాట్ మొదట్లోకి మీరు ఎన్ని గంటలకు చేరుతారు? అది చెప్తే దారి ఏదో నేను చెప్తాను.

లెక్క చూద్దాం. ఇరుముడి కట్టుకొని సాయంత్రం నాలుగు గంటలకు మన మొగుళ్లపల్లిలో బయలుదేరారు. పరకాల, హన్మకొండ దాటి హైదరాబాద్ చేరేసరికి రాత్రి ఎనిమిదిన్నర. కర్నూలు అర్ధరాత్రి దాటినాక. బెంగళూరు తెల్లవారుజామున ఆరు, ఏడు. సేలం పదకొండు, పన్నెండు. అక్కడి నుంచి దిండిగల్, తేని, కంబం. చాయ్‌లు, స్నానాలు, భిక్ష, పూజ అన్నీ కలిపితే కుమిళి ఘాట్ కిందికి చేరేసరికి రెండో రోజు రాత్రి అవుతుంది. అంటే ముప్పై గంటలు నిద్ర సరిగా లేని బండి, ఆ ప్రయాణం మొత్తంలో అన్నిటికంటే కష్టమైన వంద కిలోమీటర్లను చీకట్లో మొదలుపెడుతుంది. కుమిళి తర్వాత కుట్టిక్కానం దగ్గర పొగమంచు పడితే ముందు బండి ఎర్ర దీపం కూడా కనబడదు. ఎరుమేలి దాటినాక నిలక్కల్ వరకు అడవి, రాత్రిపూట ఏనుగులు రోడ్డు మీదికి వస్తాయి.

ఇదే ప్రయాణాన్ని పొద్దుగాల నాలుగింటికి మొదలుపెడితే బెంగళూరు రాత్రి అవుతుంది. అక్కడో, హోసూరు దగ్గరో పడుకొని, మర్నాడు పొద్దున్నే లేచి సాయంత్రానికి తేనిలోనో కంబంలోనో రెండో రాత్రి ఆగండి. మూడో రోజు ఎండ వచ్చినాక ఘాట్ ఎక్కండి. గది కిరాయి దండగ అంటారు, నాకు తెలుసు. ఇరవై మందికి పంచితే తలా ఎంత పడుతుందో మీరే లెక్కేసుకోండి.

ఘాట్ అంటే కేరళలోనే మొదలవుతుందని చాలామంది అనుకుంటారు. అది తప్పు. బెంగళూరు నుంచి సేలం పోయేటప్పుడు ధర్మపురి దాటినాక తొప్పూరు వస్తుంది. 44వ నంబరు జాతీయ రహదారి, నాలుగు వరుసలు, మధ్యలో డివైడరు. చూస్తే ఘాట్‌లా ఉండదు. కానీ సేలం వైపు అది పొడుగ్గా దిగుతుంది. లారీలు బ్రేకులు పట్టక ముందున్న బండ్లను గుద్దే చోటు అది. 2024 జనవరిలో అట్లనే వరసగా బండ్లు గుద్దుకొని నలుగురు చనిపోయారు. అక్కడ మీ తప్పేమీ లేకపోయినా వెనక లారీ ఉంటుంది. అద్దంలో చూస్తూ, ఎడమ వరుసలో రెండు లారీల మధ్య ఇరుక్కోకుండా, గేరు తగ్గించి దిగాలి.

ఇంకొకటి. చలికాలం అంటే మనకు పొడి కాలం. పత్తి ఏరుతాం, వడ్లు ఆరబోస్తాం. తమిళనాడుకు, కేరళకు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాల వానాకాలం. మీరు ఇక్కడ స్వెట్టర్ వేసుకొని బయలుదేరి అక్కడ గొడుగు వెతుక్కుంటారు. 2024 నవంబరు 30న ఫెంగల్ తుపాను పుదుచ్చేరి దగ్గర తీరం దాటింది. అది లోపలికి పోయి కృష్ణగిరి జిల్లా ఊత్తంగరైలో ఒక్క రోజులో 50 సెంటీమీటర్ల వాన కురిపించింది. కృష్ణగిరి మీ దారిలోని ఊరే. అంతకు ముందు ఏడాది డిసెంబరులో మిచౌంగ్ తుపాను చెన్నైని ముంచి, మన బాపట్ల దగ్గర తీరం దాటింది. తిరుపతి, కంచి, అరుణాచలం కలుపుకొని తీరం వెంబడి పోయే బృందాలు ఆ వారం ఏమైపోవాలి? అందుకే బయలుదేరే ముందు మూడు రోజులు వాతావరణ శాఖ చెప్పేది వినండి. బంగాళాఖాతంలో అల్పపీడనం అంటే తీర దారి వదిలేసి కర్నూలు, బెంగళూరు దారే పట్టండి. అక్కడ కూడా కృష్ణగిరి సంగతి కనుక్కొని పోండి.

ఇప్పుడు మీ ప్రశ్నకు వస్తా. సేలం దగ్గర దారి చీలుతుంది. ఒకటి దిండిగల్, తేని, కుమిళి మీదుగా ఎరుమేలికి. రెండోది కోయంబత్తూరు, పాలక్కాడ్, త్రిశ్శూర్, అంగమాలి, మువాట్టుపుళ మీదుగా ఎరుమేలికి. రెండోది అరవై డెబ్బై కిలోమీటర్లు ఎక్కువ, ఊర్లలో ట్రాఫిక్ కూడా ఎక్కువే. కానీ పడమటి కనుమలకు పాలక్కాడ్ దగ్గర పెద్ద సందు ఉంది. ముప్పై కిలోమీటర్లకు పైగా వెడల్పున కొండలు విడిపోయి ఉంటాయి. ఎక్కుడు లేదు, దిగుడు లేదు. కుదిరాన్ కొండ ఉండేది, దానికి కూడా 2021లో సొరంగం తెరిచారు. ఎరుమేలి వరకు పెద్ద ఘాట్ తగలదు.

నా అభిప్రాయం సూటిగా చెప్తా. యాభై సీట్ల బస్సు తీసుకుంటే, లేదా మీ డ్రైవరుకు కొండ రోడ్డు కొత్త అయితే పాలక్కాడ్ దారే. కొండ అలవాటున్న డ్రైవరు, చిన్న బండి, కంబంలో రాత్రి నిద్ర, ఈ మూడూ ఉంటే కుమిళి. మూడింట్లో ఒకటి లేకపోయినా నేనైతే కుమిళి వైపు పోను. రద్దీ రోజుల్లో ఇంకో సంగతి ఉంది. తేని జిల్లా పోలీసులు పోయే బండ్లను కంబంమెట్టు, కట్టప్పన మీదుగా పంపి, వచ్చే బండ్లను కుమిళి మీదుగా దింపుతారు. ఫోన్‌లో మ్యాపు వేరే దారి చూపిస్తుంటే పోలీసుతో గొడవ పడే స్వాములు ఉంటారు. ఆయన చెప్పిందే దారి.

పోయే దారి, వచ్చే దారి వేరు చేయడం వాళ్లు ఊరికే చేసే పని కాదు. తిరుమల చూడండి. 1944లో ఒక ఘాట్ రోడ్డు వేశారు, 1974లో రెండోది వచ్చింది. ఇప్పుడు కొత్తది ఎక్కడానికి, పాతది దిగడానికి. పైకి పోయే బండి 28 నిమిషాల కంటే ముందు చేరకూడదు, కిందికి వచ్చేది 40 నిమిషాల కంటే ముందు చేరకూడదు. దిగేటోడికి ఎక్కువ టైం ఎందుకు పెట్టారు? ఎక్కేటప్పుడు ఇంజిను ఓడిపోతే బండి ఆగిపోతుంది, అంతే. దిగేటప్పుడు బ్రేకు ఓడిపోతే బండి ఆగదు.

బ్రేకు ఎందుకు ఓడిపోతుందో చెప్తా. కుట్టిక్కానం నుంచి ముండకాయం దాకా దాదాపు వెయ్యి మీటర్ల ఎత్తు దిగాలి. మనుషులు, సామాను కలిపి నాలుగున్నర టన్నులుండే టెంపో ట్రావెలర్ అంత ఎత్తు దిగితే పుట్టే శక్తి 4.4 కోట్ల జౌళ్లు. దాంతో నూట నలభై లీటర్ల చన్నీళ్లను మరిగించవచ్చు, అంటే పెండ్లి వంటలో పెట్టే పెద్ద గంగాళాల నిండా నీళ్లు. గాలి, టైర్ల రాపిడి కొంత తీసుకుంటాయి. మిగతాది ఇంజిను పట్టాలి, లేకపోతే బ్రేకు పట్టాలి. మీరు న్యూట్రల్ చేసి డీజిల్ మిగిలిందని సంబరపడితే ఆ మిగతా వేడంతా బ్రేకుల మీదే పడుతుంది. బ్రేకు ఆయిల్ గాలిలోని తేమ పీల్చుకుంటుంది. డాట్-3 రకం ఆయిల్ కొత్తగా ఉంటే కనీసం 205 డిగ్రీల దాకా మరగదు. తేమ పట్టినాక 140 దగ్గరే మరగొచ్చు. మరిగితే పైపులో ఆవిరి బుడగలు, కాలు నొక్కితే పెడల్ నేలదాకా పోతుంది. రెండేండ్లుగా ఆయిల్ మార్చని బండిని శబరిమలకు మాట్లాడుకోవద్దు. రెండో గేరులో దిగండి, బ్రేకు ఆగి ఆగి కొట్టండి, రబ్బరు కాలిన వాసన వస్తే వెడల్పున్న చోట ఆపి అరగంట కూర్చోండి. డ్రమ్ముల మీద నీళ్లు పోయొద్దు, పగులుతాయి.

2018 సెప్టెంబరు 11 మనం మరిచిపోలేదు. కొండగట్టు ఘాట్ దిగుతున్న ఆర్టీసీ బస్సు లోయలో పడి అరవై మందికి పైగా పోయారు. బస్సులో దాదాపు వంద మంది. ఆ ఘాట్ ఎంత పొడుగని? కొన్ని కిలోమీటర్లు. 2022 డిసెంబరులో శబరిమల నుంచి తిరిగి వస్తూ కుమిళి ఘాట్‌లో ఎనిమిది మంది స్వాములు చనిపోయారు. వాళ్లు తేని జిల్లావాళ్లు, అది వాళ్ల సొంత జిల్లా రోడ్డు. రాత్రిపూట, దిగుడు, తిరుగు ప్రయాణం. ఈ మూడూ కలిసిన చోట రోడ్డు తెలిసినోడికి కూడా ప్రమాదమే.

తిరుగు ప్రయాణంలో దర్శనం అయిపోయిందన్న తేలిక ఉంటుంది. కొండ ఎక్కి దిగి కాళ్లు పీకుతుంటాయి, అందరూ నిద్రపోతారు. డ్రైవరు కూడా మనిషే. నిలక్కల్‌లో బండి పెట్టి ఆయన పడుకున్నాడా, లేక మీతోపాటు సన్నిధానం వచ్చాడా? 2018 వరదల తర్వాత పెద్ద బండ్లన్నీ నిలక్కల్‌లోనే ఆగుతున్నాయి, పంపకు కేరళ బస్సుల్లో పోవాలి. మీరు పోయి వచ్చే ఆ గంటలు డ్రైవరు నిద్రకే. ఆయన కూడా మాల వేసుకొని దర్శనానికి వస్తానంటే మంచిదే, కానీ అప్పుడు రెండో డ్రైవరు ఉండాలి. రవాణా కార్మికుల చట్టం 1961లోనే రోజుకు ఎనిమిది గంటలు అని రాసింది. మన బండ్లలో ఆ లెక్క ఎవరు చూస్తున్నారు?

ఆన్‌లైన్‌లో దర్శనం స్లాటు బుక్ చేసే పిల్లలకు ఒక మాట. మీరు చేరతామనుకున్న టైముకు స్లాటు పెట్టొద్దు, సగం రోజు ఆలస్యంగా పెట్టండి. స్లాటు పోతుందన్న భయంతోనే డ్రైవరును తొందర పెడతారు. మండల పూజ, మకరజ్యోతి రోజుల్లో ఎరుమేలి దగ్గరే గంటల తరబడి ఆపేస్తారు, ఆ తేదీలు వదిలేస్తే ఇంకా మంచిది. ఇలవుంకల్, ఎరుమేలి, కుట్టిక్కానం దగ్గర కేరళ రవాణా శాఖ సేఫ్ జోన్ గస్తీ బండ్లు ఉంటాయి. బ్రేకు మీద అనుమానం వస్తే సిగ్గుపడకుండా వాళ్లను పిలవండి. తెల్ల నంబరు ప్లేటు కారును కిరాయికి తీసుకున్నోళ్లు ఏదన్నా జరిగితే బీమా రాకపోవచ్చని గుర్తుపెట్టుకోవాలి.

ఇంత దూరం మంచిగా పోయి వచ్చి పరకాల దాటినాక పడ్డవాళ్లున్నారు. తెల్లవారుజామున చెరువు కట్టల మీద మంచు, రోడ్డు మీద వడ్ల కుప్పకు అడ్డంగా పెట్టిన రాళ్లు, వెనక దీపం లేని పత్తి ట్రాక్టరు, భూపాలపల్లి వైపు నుంచి బొగ్గు లారీలు. ఇల్లు పది కిలోమీటర్లే కదా అని లైట్లు పెద్దవి వేసి తోలితే మంచు తెల్లగోడలా కనబడుతుంది. లైట్లు కిందికి దించి తోలాలి, లేదా హన్మకొండలో చాయ్ తాగి పొద్దెక్కేదాకా ఆగాలి.

నా దగ్గర దక్షిణ భారత రోడ్ల పటం ఉంది, ఈ బల్ల మీద పరుస్తా. ఒక్కో బృందం నుంచి గురుస్వామి, డ్రైవరు ఇద్దరూ రండి. బయలుదేరే తేదీ, బండి రకం, డ్రైవర్లు ఎంతమంది, ఈ మూడూ చెప్పండి. ఘాట్ దగ్గరికి ఎన్ని గంటలకు చేరతారో కలిసి లెక్కేద్దాం. ముందు ఎవరిది?