థైరాయిడ్ మాత్ర – డాక్టరుగారితో మాట కలవనప్పుడు



ఓపీ వరండాలో మీరు నా చెవిలో చెప్పే మాట ఒకటుంది. "సిస్టరమ్మా, ఆ థైరాయిడ్ మాత్ర నాకు పడలేదు, ఆపేసినా. డాక్టరుగారికి మాత్రం చెప్పొద్దు." నాతో చెప్పగలిగింది ఆయనతో ఎందుకు చెప్పరు? మీరు ఆపిన సంగతి తెలియక, టీఎస్‌హెచ్ ఎక్కువుందని ఆయన డోసు పెంచుతారు. తర్వాత ఏదో ఒకనాడు భయపడి ఆ పెద్ద డోసు రోజూ వేసుకుంటారు. అప్పుడు గుండెదడ, చేతుల వణుకు, నిద్ర పట్టకపోవడం. వయసు మళ్లినవారికైతే గుండె లయ కూడా తప్పవచ్చు.

కొన్నేళ్ల క్రితం నేను మరో ఆసుపత్రిలో పని చేసేటప్పుడు, ఎమ్మిగనూరు వైపు నుంచి ఒక గర్భిణి వచ్చేది. 50 మైక్రోగ్రాముల మాత్ర 75 అయింది, తర్వాత 100 అయింది. టీఎస్‌హెచ్ మాత్రం దిగలేదు. "నువ్వు సరిగా మింగడం లేదు" అని డాక్టరుగారు కోప్పడ్డారు. బయటికి వచ్చి ఆ బిడ్డ ఒకటే ఏడుపు. "ఒక్క దినం కూడా ఇడ్సలేదు సిస్టరమ్మా!"

ఎట్లా మింగుతావో చెప్పమన్నాను. పొద్దున్నే అత్త టీ గ్లాసు ఇస్తుందట. దాంతోనే థైరాయిడ్ మాత్ర, రక్తం పట్టే ఐరన్ మాత్ర, కాల్షియం మాత్ర, మూడూ ఒకేసారి. ఐరన్, కాల్షియం పక్కన ఉంటే థైరాయిడ్ మందు ఒంటికి సరిగా పట్టదు. పాల టీ కూడా అంతే. టీ తాగినాక అది పరగడుపు కాదమ్మా!

డాక్టరుగారికి చెప్పడానికి ఆ రోజు నాకు నోరు రాలేదు. మరునాడు రౌండ్స్ అయ్యాక చెప్పాను. ఆయన ముఖం చిట్లించారు గానీ, విన్నారు. డోసు పెంచకుండా ఐరన్ మధ్యాహ్నానికి, కాల్షియం రాత్రికి మార్చి, నాలుగు వారాలకు మళ్లీ రక్తపరీక్ష రాశారు. టీఎస్‌హెచ్ దిగింది. నేను చెప్పడానికి ఒక రోజు ఆలస్యం చేశానే అని ఇప్పటికీ అనిపిస్తుంది. మొదటి నెలల్లో కడుపులో బిడ్డ మెదడు ఎదగడానికి తల్లి థైరాయిడ్ హార్మోనే ఆధారం.

ప్రతిసారీ నా మాటే నెగ్గిందనుకోకండి. ఇంకో గర్భిణికి డోసు పెంచితే, ఎక్కువైందని నేనే వాదించాను. గర్భం వచ్చినాక ఈ మందు అవసరం పావు వంతు నుంచి సగం వరకూ పెరుగుతుందని ఆయన కూర్చోబెట్టి చెప్పారు. తప్పు నాదే.

మీరూ అడగండి. "ఎందుకు పెంచినారు సార్?" అంటే తప్పు కాదు. గర్భం లేనివారికి, ఏ బాధా లేకుండా టీఎస్‌హెచ్ కొంచెమే ఎక్కువగా, 10 లోపు ఉంటే, "మందు మొదలుపెట్టే ముందు రెండు మూడు నెలలకు మళ్లీ పరీక్ష చేసి చూద్దామా?" అనీ అడగవచ్చు. గర్భిణులకు, గర్భం కోసం చూసేవారికి ఈ లెక్క వేరు. సమాధానం నచ్చకపోతే ఇంకో డాక్టరుకు చూపించుకోండి, పాత చీటీలన్నీ పట్టుకుని వెళ్లండి. అంతవరకూ మాత్ర మీ అంతట మీరు ఆపొద్దు, సగం చేయొద్దు, పక్కింటావిడ డోసు వేసుకోవద్దు.

మాత్ర పొద్దున పరగడుపున మంచినీళ్లతో వేసుకోండి. అరగంట, వీలైతే గంట ఆగి టీ, సంగటి. ఐరన్, కాల్షియం నాలుగు గంటల తర్వాతే. రక్తపరీక్ష రోజు రక్తం ఇచ్చినాక మాత్ర వేసుకోవచ్చు. సీసా మాత్రం సంచిలో పెట్టుకుని రండి, దాని మీద డోసు ఎంతో నేను చూస్తాను.