అరచేతులు ఎర్రబడితే ఏమనుకోవాలి?

(సమాఖ్య వార్షిక మహాసభలో ఒక సంఘం లీడరు చేసిన ప్రసంగం)



పొదుపు ఎంత, బ్యాంకు లింకేజీ ఎంత, రికవరీ ఎంత అన్న లెక్కలన్నీ కార్యదర్శి గారు ఇప్పుడే చదివిన్రు. ఆరోగ్యం గురించి పది నిమిషాలు మాట్లాడమని నాకు చెప్పిన్రు. నేను పదో తరగతి వరకే చదివిన. డాక్టరును కాదు. మా ఇంట్ల జరిగింది, ఆ తర్వాత డాక్టరమ్మను అడిగి నోటుబుక్కులో రాసుకున్నది మీ ముందు పెడతా.

ముందు ఒక పని చేద్దాం. అందరూ రెండు అరచేతులూ తెరిచి చూసుకోండి. పక్కన కూర్చున్న అక్క చేతులు కూడా చూడండి. మన నందికొండ చేతుల మీద లేచిన ఊరు. 1955 డిసెంబరు 10న నెహ్రూ గారు డ్యామ్‌కు శంకుస్థాపన చేసిన్రు. 1967 ఆగస్టు 4న ఇందిరమ్మ కాలువలకు నీళ్లు విడిచింది. ఆ నడుమ రాళ్లు మోసిన వాళ్లల్ల మన తాతలు, అమ్మమ్మలు ఉన్నరు. ఇయ్యాల మన చేతులు నాట్లు వేస్తయి, మిరపకాయలు తెంపుతయి, బట్టలు ఉతుకుతయి, మిషను కుడతయి. చేతులతో ఇంత పని చేస్తం గానీ, అరచేతి రంగు మారితే మాత్రం పట్టించుకోం.

మన దగ్గర అరచెయ్యి ఎర్రగుంటే మంచిదంటరు. లక్ష్మీ కళ అంటరు. ఆషాఢంలో మైదాకు ఎర్రగ పండితే మంచి మొగుడు వస్తడంటరు. ఆ మాటలు నాకూ ఇష్టమే. నేను ప్రతి ఏడూ మైదాకు పెట్టుకుంటా. అయితే మైదాకు పెట్టకుండానే చెయ్యి ఎర్రబడితే దాన్ని అదృష్టం అనుకుంటే ఎట్లుంటదో మా ఇంట్ల చూసిన.

మా నాయిన ఎడమ కాలువ మీద లష్కరు. ఆయన రెండు అరచేతులు ఎర్రగుండేవి. చెయ్యి నడుమ మామూలు రంగే. బొటనవేలి కింద కండ ఉన్న కాడ, చిటికెనవేలి కింద అంచు పొడుగునా ఎరుపు. ఒత్తితే తెల్లగై, విడిస్తే మళ్లీ ఎర్రగయ్యేది. నొప్పి లేదు, దురద లేదు. తూము గేట్లు తిప్పి తిప్పి అట్లయిందని మా అమ్మ, ఒంట్లో వేడి అని మా మేనత్త. నాయిన మాత్రం "నా చేతుల లక్ష్మి ఉన్నది" అని నవ్వేటోడు. పొద్దుగూకితే మందు తాగేటోడు. కొట్టలేదు, తిట్టలేదు. తాగి పండుకునేటోడు. అందుకే అది మాకు పెద్ద తప్పుగా కనిపించలేదు.

2004లో నేను పదో తరగతి రాస్తున్న. అప్పటికి ఆయన కాళ్లు వాచినయి, కడుపు ఉబ్బింది. కళ్లు పచ్చబడితే పసరు పోయించినం, చేతికి వాత పెట్టించినం. ఒకరోజు రాత్రి నెత్తురు కక్కిండు. హైదరాబాదుకు తీసుకపోయినం. అక్కడ డాక్టరు ముందు నాయిన చెయ్యి పట్టుకొని అరచెయ్యి తిప్పి చూసిండు. "ఈ ఎరుపు ఎన్నేండ్ల నుంచి ఉన్నదమ్మా?" అని మా అమ్మను అడిగిండు. మా అమ్మ "నాలుగైదేండ్లు" అన్నది. డాక్టరు ఇంకేం అనలేదు. ఆ నాలుగైదేండ్లు మా కండ్ల ముందటనే ఉన్న సంగతి మాకు తెల్వలేదు. పన్నెండు రోజులకు నాయిన పోయిండు.

అప్పటికి ఆరోగ్యశ్రీ లేదు. మా అమ్మ బర్రెను అమ్మింది, పుస్తెలు కుదవపెట్టింది, నూటికి మూడు రూపాయల వడ్డీకి అరవై వేలు తెచ్చింది. నా చదువు పదితోనే ఆగింది. తర్వాత అమ్మ సంఘంల చేరి, సంఘం అప్పుతోనే ఆ వడ్డీ అప్పు తీర్చింది. నేను సంఘానికి వచ్చింది ఆ తొవ్వలనే.

ఇగ అసలు విషయానికి వస్తా. అరచేతుల ఎరుపు అన్నది దానికదే పెద్ద రోగం కాదు. చర్మం కింద వెంట్రుక కంటే సన్నటి రక్తనాళాలు ఉంటయి. అవి వెడల్పైతే రక్తం ఎక్కువ పారుతది, పైకి ఎర్రగ కనిపిస్తది. తూము గేటు ఎత్తితే పిల్లకాలువ నిండినట్టు. గేటు ఎవరు ఎత్తిన్రు అన్నదే మనం అడగాల్సిన ప్రశ్న. అందుకే చేతికి ఆయింటుమెంటు రుద్దితే ఈ ఎరుపు పోదు. కారణం లోపల ఉంటది. నల్లగా ఉన్నోళ్ల చేతుల మీద ఇది తొందరగా కనబడదు కూడా. వెలుతురుల చూడాలె, పక్కోళ్ల చెయ్యితో పోల్చి చూడాలె.

కారణాలు నేను ఐదు వరుసలుగా రాసుకున్న.

ఒకటి, పుట్టుక. కొన్ని ఇండ్లల్ల అవ్వకు, అమ్మకు, బిడ్డకు చిన్నప్పటి నుంచే అరచేతులు ఎర్రగుంటయి. వేరే ఏ బాధా ఉండదు. భయపడే పని లేదు.

రెండు, గర్భం. కడుపుతో ఉన్నోళ్లల్ల సుమారు నూటికి 30 మందికి అరచేతులు ఎర్రబడతయి. ఒంట్లో హార్మోన్లు పెరగడం వల్ల వస్తది, కాన్పు అయినంక తగ్గుతది. నా పెద్దబిడ్డప్పుడు నాకూ వచ్చింది. మా అత్తమ్మ లక్ష్మి పుడతదన్నది, ఆడపిల్లే పుట్టింది! ఇక్కడ మాత్రం ఒకటి గుర్తుపెట్టుకోవాలె. నెలలు నిండుతున్నప్పుడు దద్దుర్లు లేకుండా అరచేతులు, అరికాళ్లు విపరీతంగా దురద పెడితే, అందులో రాత్రిపూట ఎక్కువైతే, తెల్లారంగనే దవాఖానకు పోవాలె. అది లివరుకు, పైత్యరసానికి సంబంధించిన బాధ కావచ్చు. లోపలి బిడ్డకు ప్రమాదం. రక్తపరీక్షతో తెలుస్తది. కొబ్బరినూనె రాసుకొని ఊకోవద్దు.

మూడు, పని వల్ల వచ్చే మంట. సర్ఫు, బ్లీచింగు పౌడరు, సిమెంటు, పురుగుమందు, మిరపకాయల ఘాటు. ఇది వేరే తీరు. చర్మం పొడిబారుతది, పొట్టు లేస్తది, పగులుతది, దురద, మంట ఉంటయి. ఇది పైన వచ్చే గొడవ. గ్లవుసులు వేసుకోవాలె. పని కాంగనే మంచినీళ్లతో కడిగి, తుడిచి, వ్యాసలైనో కొబ్బరినూనెనో రాయాలె. మిరపకాయల మంటకు ముందు నూనె రుద్ది, తర్వాత సబ్బుతో కడగాలె. నల్లగ పండాలని మైదాకుల జుట్టుకేసే రంగు కలిపిన కోన్లు అమ్ముతరు. వాటితో బొబ్బలు వస్తయి. ఇంటి ఆకు రుబ్బుకున్నదే మేలు.

నాలుగు, వేరే జబ్బులు. థైరాయిడు ఎక్కువైతే అరచేతులు ఎర్రబడతయి. దాంతోటి గుండె దడ, చేతులు వణకడం, తిన్నా బక్కగవడం ఉంటయి. కీళ్లవాతం ఉన్నోళ్లకు కూడా వస్తది. పొద్దున లేస్తే చాలాసేపు వేళ్లు ముడుచుకోవు. ఇవి ఉంటే పరీక్ష చేయించుకోవాలె.

ఐదు, లివరు. మా నాయినది ఇదే. తాగుడు వల్ల, హెపటైటిస్ బి, సి అనే కామెర్ల వల్ల, షుగరు, ఒంట్లో కొవ్వు వల్ల కూడా లివరు గట్టిపడుతది. అంటే తాగని ఆడోళ్లకు కూడా రావచ్చు. అరచేతుల ఎరుపుతో పాటు ఛాతీ మీద, మెడ మీద సాలీడు కాళ్ల లెక్క ఎర్రటి గీతల చుక్కలు, కాళ్ల వాపు, కడుపు ఉబ్బు, కళ్లు పచ్చబడుడు, మలం తారు లెక్క నల్లగ రావడం, ఇవన్నీ దాని గుర్తులు. నెత్తురు కక్కినా, మలం నల్లగ వచ్చినా ఆగకుండా 108కు ఫోన్ చేయాలె.

ఇంకొక మాట జాగ్రత్తగా వినాలె. లివరు గట్టిపడ్డ వాళ్లల్ల కూడా ఈ ఎరుపు సుమారు నూటికి 23 మందికే కనిపిస్తదట. మిగిలినోళ్ల చేతులు మామూలుగనే ఉంటయి. "నా చేతులు మంచిగనే ఉన్నయి కదా" అని తాగేటోళ్లు ధైర్యపడేది లేదు. ఎరుపు ఉంటే పరీక్ష చేయించుకోవాలె. లేకున్నా రోజూ తాగేటోళ్లు పరీక్ష చేయించుకోవాలె.

ఎర్ర చెయ్యి సంగతి చెప్పిన గనుక తెల్ల చెయ్యి సంగతి కూడా చెప్తా. ఆశా అక్క మన అరచెయ్యి, గోళ్లు, కింది కనురెప్ప ఎందుకు చూస్తది? పాలిపోయి తెల్లగుంటే రక్తం తక్కువని అనుమానం. కడుపుతో ఉన్నోళ్లకు 11 గ్రాముల కంటే తక్కువుంటే రక్తహీనత కింద లెక్క. మైదాకు పెట్టుకున్న చేతుల మీద ఎరుపూ కనబడదు, తెలుపూ కనబడదు. పరీక్షకు పోయేటప్పుడు ఆ సంగతి చెప్పండి, కనురెప్ప చూడమనండి.

పోయిన ఏడు మా సంఘంల ఏం జరిగిందో చెప్తా. ఆ అక్క ఒప్పుకున్నాకనే చెప్తున్న. ఆమె పెనిమిటి మేస్త్రీ పని చేస్తడు. సంఘం మీటింగు వాళ్లింట్ల పెట్టుకున్న రోజు ఆయన నీళ్ల గ్లాసు అందించిండు. ఆ చెయ్యి చూసి నాకు మా నాయిన గుర్తుకొచ్చిండు. సిమెంటు వల్ల అన్నడు. సిమెంటు చెయ్యి గరుకుగ, పగిలి ఉంటది. ఆయన చెయ్యి మెత్తగ ఉంది, దురద లేదంటున్నడు. రెండు రోజులు నాకు నిద్ర పట్టలేదు. చెప్తే ఇంకొకరి ఇంటి విషయంల తలదూర్చినట్టు, చెప్పకపోతే మా నాయినను రెండోసారి పోగొట్టుకున్నట్టు. మూడో రోజు ఆమెకు చెప్పిన. ఆమెకు నా మీద కోపం వచ్చింది. వారం రోజులు మాట్లాడలేదు. తర్వాత ఆమెనే వచ్చి, "తోడు వస్తవా" అని అడిగింది.

సర్కారు దవాఖానల రక్తం ఇచ్చినం. లివరు చెడిపోవడం మొదలైంది, ఇంకా పూర్తిగ పోలేదన్నరు. ఛార్జీలకు, మందులకు సంఘం నుంచి మూడు వేలు అంతర్గత అప్పు ఇచ్చినం. ఆయన డాక్టరు మందులతోనే తాగుడు మానిండు. ఇది కూడా గుర్తుంచుకోండి. ఏండ్ల తరబడి రోజూ తాగేటోళ్లను ఒక్కసారే గదిల పెట్టి మాన్పిస్తే ఫిట్సు వచ్చి ప్రాణం మీదికి రావచ్చు. డాక్టరు చూస్తుండగనే మాన్పించాలె. మాన్పించడానికి సలహా కావాలంటే 14446కు ఉచితంగ ఫోన్ చేయొచ్చు. ఆయన చేతుల ఎరుపు ఇంకా పూర్తిగ పోలేదు. మనిషి మాత్రం పనికి పోతున్నడు. ఆ మూడు వేలు కూడా తిరిగి కట్టేసిన్రు.

1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడోళ్లు సారా దుకాణం మూయించిన్రు. చదువుల క్లాసులో కూర్చున్న ఆడోళ్లు ఒకరి ఇంటి బాధ ఒకరికి చెప్పుకుంటేనే అది మొదలైంది. 1993లో సారా నిషేధం వచ్చింది. మన పొదుపు సంఘాలకు బలం వచ్చింది కూడా ఆ పోరాటంతోనే. అందుకే ఇంటి సంగతి సంఘంల చెప్పుకోవడం సిగ్గుపడే పని కాదు.

చివరగా మూడు కోరికలు. మొదటిది, ప్రతి నెలా ఒక మీటింగుల పొదుపు కట్టే ముందు రెండు నిమిషాలు అరచేతులు, కనురెప్పలు చూసుకుందాం. అనుమానముంటే ఆశా అక్కకు చెప్దాం, మనమే రోగం పేరు పెట్టొద్దు. రెండోది, సర్కారు దవాఖానలల్ల తెలంగాణ డయాగ్నస్టిక్స్ కింద రక్తపరీక్షలు ఉచితం. ఆరోగ్యశ్రీ 2023 డిసెంబరు నుంచి పది లక్షలకు పెరిగింది. వాడుకుందాం. పసర్లకు, వాతలకు రోజులు పోగొట్టొద్దు. పుట్టిన బిడ్డకు 24 గంటల్లోపు హెపటైటిస్ బి టీకా వేసిన్రో లేదో అడిగి తెలుసుకుందాం. మూడోది సమాఖ్యకు. దవాఖాన ఖర్చుకు చిన్న అప్పు అదే రోజు అందేటట్టు ప్రతి సంఘంల కొంత డబ్బు పక్కన పెట్టమని తీర్మానం చేయాలె. మా అమ్మకు ఆ రోజు మూడు వేలు దొరికి, ఒక్క మనిషి చెప్పి ఉంటే, అరవై వేల అప్పు అయ్యేది కాదు.

సాయంత్రం ఇంటికి పోయినంక ఇంట్లోళ్ల చేతులు ఒకసారి దీపం వెలుగుల చూడండి.