అసలూ నకలూ

విద్యార్థులారా!

ఈనాడు మీతో కంప్యూటరును గురించి నాలుగు మాటలు చెప్పదలచాను. తెలుగు తరగతిలో కంప్యూటరు ప్రసక్తి ఎందుకని మీరు అడగవచ్చు. న్యూజిలాండులో మన ఇళ్ళలో ఉన్న తెలుగు చాలావరకు ఇప్పుడు ఆ పెట్టెలోనే ఉంది. అమ్మమ్మ పాడిన మంగళహారతి, తాతయ్య ఉత్తరాలకు తీసిన ఫోటోలు, మీరు మొదటిసారి తెలుగులో టైపు చేసిన వ్యాసం, అన్నీ అందులోనే. ఆ పెట్టె ముసలిదై, తెరవగానే అయిదు నిమిషాలు మూలుగుతూ కూర్చుంటే ఏం చేయాలి? పారవేయాలా, బాగుచేసుకోవాలా?

ముందు అది ఎందుకు మూలుగుతుందో తెలుసుకుందాం. పాత కంప్యూటర్లలో హార్డ్ డిస్కు ఉంటుంది. 1956లో ఐ.బి.ఎం. సంస్థ మొదటి హార్డ్ డిస్కును విడుదల చేసింది. అందులో 50 పళ్ళేలు ఉండేవి. అన్నీ కలిసి దాచుకున్నది 50 లక్షల అక్షరాలు. నేటి డిస్కు అరచేతిలో ఇమిడినా పద్ధతి మాత్రం అదే. గ్రామఫోను రికార్డు వలె పళ్ళెం తిరుగుతుంది, పైన ఒక చేయి కదులుతుంది. ల్యాప్‌టాప్ డిస్కు సాధారణంగా నిమిషానికి 5,400 సార్లు తిరుగుతుంది. అది మనకు మహావేగమే. కాని కావలసిన చోటికి చేయి జరిగి, పళ్ళెం తిరిగి వచ్చేదాకా ఆగడానికి ప్రతిసారీ సెకనులో సుమారు 65వ వంతు పడుతుంది. కంప్యూటరు మేలుకోవాలంటే అక్కడొకటి ఇక్కడొకటిగా ఉన్న వేలాది ముక్కలను ఏరుకోవాలి. ఆలస్యమంతా అక్కడే.

సాలిడ్ స్టేట్ డ్రైవు, అంటే ఎస్.ఎస్.డి.లో తిరిగేది, కదిలేది ఏదీ లేదు. 1980లలో జపానులో తోషిబా సంస్థ ఇంజనీరు ఫుజియో మసువోకా రూపొందించిన ఫ్లాష్ మెమరీ దానికి ఆధారం. సూక్ష్మమైన అరలలో విద్యుదావేశం నిలిచి ఉంటుంది. కరెంటు తీసివేసినా చెరిగిపోదు. ఏ అరనైనా సెకనులో పదివేలవ వంతుకు అటూ ఇటూగా అందుకోవచ్చు. అందుకే పాత కంప్యూటరులో ఈ ఒక్క భాగం మార్చినా అది లేడిపిల్లలా లేస్తుంది.

ఇక్కడ ఒక చిక్కు ఉంది. కంప్యూటరు మేలుకొనే డ్రైవును బూట్ డ్రైవు అంటారు. తన బూటు పట్టీలను తానే పట్టుకొని పైకి లేవడమనే ఇంగ్లీషు నుడికారం నుంచి ఆ మాట పుట్టింది. స్విచ్చి వేయగానే ఒక చిన్న ప్రోగ్రాము లేచి, డ్రైవులో ఒక నిర్ణీత స్థలాన్ని వెదుకుతుంది. అక్కడున్నది ఆపరేటింగ్ సిస్టమ్‌ను లేపుతుంది. ఆ స్థలం మామూలుగా మన కంటికి కనబడదు. కనుక కనిపించే ఫైళ్ళను మాత్రమే కొత్త డ్రైవులోకి మోస్తే కంప్యూటరు లేవదు. సామానంతా తెచ్చి తాళంచెవి పాత ఇంట్లో మరచినట్లు అవుతుంది. మొత్తం డ్రైవును ఉన్నదున్నట్లు దించుకోవాలి. దీనినే క్లోనింగ్ అంటారు.

నకలు తీయడం మన భాషకు కొత్త కాదు. తాటాకు ఒకనాటికి శిథిలమవుతుంది కనుక మన పెద్దలు తరతరాలుగా ప్రతులు రాసుకున్నారు. 1820లో కడపకు వచ్చిన చార్లెస్ ఫిలిప్ బ్రౌన్ తన ఖర్చుతో పండితులను, లేఖకులను నియమించాడు. ఒకే గ్రంథానికి పలు ప్రతులు తెప్పించి, పక్కపక్కన పెట్టి పోల్చి, శుద్ధప్రతులు రాయించాడు. ఆయన కూర్చిన వేమన పద్యాలు 1829లో అచ్చయ్యాయి. రాయడంతో పని ముగియదు, సరిచూడడంతో ముగుస్తుంది. కంప్యూటరుకూ ఇదే నీతి.

ఇక పని వరుస వినండి. మొట్టమొదట, పోగొట్టుకోలేని ఫోటోలు, పాటలు, రాతలు మరొక డ్రైవులోకి ఎక్కించి దూరంగా పెట్టండి. పాత డిస్కు టకటకమని చప్పుడు చేస్తుంటే ఈ పని క్షణం ఆలస్యం చేయవద్దు. బిట్‌లాకర్ తాళం ఉంటే దాని 48 అంకెల సంకేతం కాగితం మీద రాసుకోండి. కొత్త డ్రైవు పాతదానికంటే చిన్నది కాకుండా చూసుకోండి. దానిని యు.ఎస్.బి. తీగతో తగిలించి, క్లోన్‌జిల్లా వంటి ఉచిత సాఫ్ట్‌వేర్‌తో నకలు తీయవచ్చు. అప్పుడు అది అడుగుతుంది: ఎక్కడినుంచి? ఎక్కడికి? ఆ రెండూ తారుమారైతే ఖాళీ డ్రైవు వచ్చి నిండు డ్రైవును తుడిచేస్తుంది. కనుక పేరు, పరిమాణం బిగ్గరగా చదివి, పక్కన పెద్దవారికి చూపించి, తరువాతనే మీట నొక్కండి.

నకలు పూర్తయ్యాక కరెంటు తీసివేయండి. ల్యాప్‌టాప్ అయితే లోపలి బ్యాటరీ తీగ కూడా విడదీయండి. ఇక్కడి చలికాలంలో ఉన్ని స్వెట్టరుతో తివాచీ మీద నడిస్తే ఒంటిలో స్థిరవిద్యుత్తు చేరుతుంది. ముందు ఏదైనా లోహాన్ని తాకి, తరువాతే డ్రైవును ముట్టుకోండి. అసలుకూ నకలుకూ ఒకే గుర్తు ఉంటుంది కనుక మొదటిసారి కొత్తదానిని ఒంటరిగా లేవనివ్వండి. లేచాక ఫోటోలు తెరిచి చూడండి, పాటలు విని చూడండి, తెలుగు అక్షరాలు సరిగా ఉన్నాయో చదివి చూడండి. కొన్ని వారాలు గడిచేదాకా పాతదానిని చెరపవద్దు.

ప్రతి మరొక చోట ఎందుకుండాలో ఈ దేశానికి అనుభవమే. 2011 ఫిబ్రవరి 22న క్రైస్ట్‌చర్చిలో వచ్చిన భూకంపం 185 మందిని బలిగొన్నది. నగర మధ్యభాగం చుట్టూ వేసిన కంచె పూర్తిగా తొలగడానికి 2013 జూన్ వచ్చింది. ఒకే భవనంలో అసలూ నకలూ రెండూ ఉంచితే అటువంటి రోజున రెండూ అందవు.

ఒక హెచ్చరిక. వేగం వేరు, భద్రత వేరు. విండోస్ 10కు సామాన్య మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. డ్రైవు మార్చినంత మాత్రాన ఆ లోటు తీరదు. యంత్రం కొత్త విండోస్‌కు తగనిదైతే లినక్స్ వంటి ఉచిత వ్యవస్థ వేసుకోవచ్చు.

ఇంత శ్రమ ఎందుకు, కొత్తది కొంటే సరిపోదా అంటారా? న్యూజిలాండు ప్రభుత్వం 2020లో విద్యుత్, ఎలక్ట్రానిక్ వస్తువులను, అవి వ్యర్థాలైనప్పుడు ప్రత్యేక శ్రద్ధ చూపవలసిన జాబితాలో చేర్చింది. అదే ఏడు లాక్‌డౌన్‌లో బడులు మూతపడినప్పుడు, కంప్యూటరు లేని ఇంటి పిల్లలు పాఠానికి దూరమయ్యారు. రీసైకిల్ ఎ డివైస్ అనే కార్యక్రమం ఇక్కడి హైస్కూలు విద్యార్థులకు పాత ల్యాప్‌టాప్‌లు బాగుచేయడం నేర్పి, వాటిని అవసరమైనవారికి చేర్చింది. ఒకరికి పనికిరానిది మరొకరికి పలకా బలపమూ అయింది. మీ యంత్రాన్ని ఎవరికైనా ఇచ్చేముందు లోపలి సొంత వివరాలు పూర్తిగా తుడిచి ఇవ్వండి.

విద్యార్థులారా! తాటాకు పోయి కాగితం వచ్చింది, పళ్ళెం పోయి అర వచ్చింది; రేపు మరొకటి వస్తుంది. పాత్ర మారినప్పుడల్లా అందులోనిది ఒలకకుండా చూడవలసినవారు ఒకరుండాలి. మీ ఇంట్లో ఆ ఒకరు మీరే కండి. ఈ వారమే అమ్మానాన్నలతో కూర్చొని, ఏ పాట, ఏ ఫోటో ఒకే ఒక చోట ఉందో వెదకి, దానికి రెండో ప్రతి తీయండి.