మూడు వందలు అందేనా?

(సంఘ సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



కార్యదర్శిగారు నన్ను ఆరోగ్యం మీద మాట్లాడమన్నారు. అది డాక్టరుగారికి వదిలేసి, నేనొక పెద్దవయసు ఆటగాడి గురించి చెబుతాను. పిల్లల దగ్గరికి అమెరికా వెళ్ళొచ్చినవాళ్ళు టీవీలో బేస్‌బాల్ చూసే ఉంటారు. అర్థంకాక చానల్ మార్చేసి ఉంటారు. నేనూ మొదట్లో అంతే. మా మనవడు నేర్పాడు.

క్రికెట్‌లో బౌలరు ఎలాగో అక్కడ పిచ్చర్ అలాగ. ఆయనకు పాతకాలం నుంచీ పెద్ద లెక్క గెలుపులది. ఆట మొదలుపెట్టిన పిచ్చర్ కనీసం అయిదు ఇన్నింగ్స్ వెయ్యాలి. దిగిపోయేటప్పటికి తన జట్టు ముందుండాలి, ఆ ఆధిక్యం చివరిదాకా నిలవాలి. అప్పుడే ఆ గెలుపు ఆయన ఖాతాలో పడుతుంది. మనవాళ్ళు పరుగులు తియ్యకపోయినా, తరవాత వచ్చినవాడు చెడగొట్టినా సున్నాయే. మనం రాత్రిళ్ళు కూర్చుని తయారుచేసిన ఫైలు పై సంతకం దగ్గర ఆగిపోయినట్టన్నమాట.

ఇలా 300 గెలిచినవాళ్ళు మేజర్ లీగ్ చరిత్రలో 24 మందే. ఆఖరివాడు రాండీ జాన్సన్, 2009 జూన్‌లో, 45 ఏళ్ళ వయసులో.

ఆ తరవాత ఆ అంకెకు దగ్గరగా వచ్చినవాళ్ళలో ఒకరు జస్టిన్ వెర్లాండర్. 1983 ఫిబ్రవరిలో పుట్టారు. 2005లో డెట్రాయిట్ జట్టులో చేరారు. 2020లో మోచేతికి ఆపరేషన్ జరిగి 2021 అంతా ఇంట్లోనే. ఇక పని అయిపోయిందనుకుంటే, 2022లో 39 ఏళ్ళ వయసులో 18 గెలిచి నాలుగే ఓడి, పిచ్చర్లకిచ్చే సై యంగ్ అవార్డు పట్టుకుపోయారు. 2023లో 13. తరవాత 2024లో 5, 2025లో 4. ఆ సీజన్ ముగిసేనాటికి మొత్తం 266. కావలసినవి ఇంకా 34.

2025 సంగతి కొంచెం చెప్పాలి. శాన్‌ఫ్రాన్సిస్కో జట్టుకు ఆడుతూ జులై 23న గానీ ఆ ఏడాది తొలి గెలుపు చూడలేదు. అలాగని మరీ చెడ్డగా వేశారా? తొమ్మిది ఇన్నింగ్స్‌కి ఆయన ఖాతాలో పడ్డ పరుగుల సగటు నాలుగు లోపే. ఓటములు మాత్రం 11.

"తాతయ్యా, గెలుపుల లెక్క పాతబడింది" అంటాడు మా మనవడు. నిజమే. 2018లో జేకబ్ డిగ్రామ్ పదే గెలిచి సై యంగ్ అవార్డు తెచ్చుకున్నారు. కానీ 300 తనకు కావాలని వెర్లాండరే బాహాటంగా చెప్పారు. కావాలనుకునేవాడికి లెక్క పాతబడదు.

వెర్లాండర్‌కు చేసిన ఆపరేషన్‌ను టామీ జాన్ సర్జరీ అంటారు. 1974లో ఆ ఆపరేషన్ మొదట చేయించుకున్న పిచ్చర్ పేరది. ఆ టామీ జాన్ 46వ ఏటిదాకా ఆడి, 1989లో 288 దగ్గర ఆగిపోయారు.

ఎర్లీ విన్ కథ ఇంకొకటి. 1962 ముగిసేసరికి ఆయనవి 299. షికాగో జట్టు ఆయన్ను వదులుకుంది. పూర్తి పెన్షనుకు కొద్ది నెలల సర్వీసు తక్కువైనవాళ్ళు మనలో ఉన్నారు, ఆ బాధ వాళ్ళకు తెలుసు. వయసు 43, పైగా గౌట్ నొప్పులు. 1963 జూన్‌లో క్లీవ్‌లాండ్ జట్టు పిలిచింది. జులై 13న కాన్సస్ సిటీలో సరిగ్గా అయిదు ఇన్నింగ్స్ వేసి, 5-4 ఆధిక్యంతో దిగిపోయారు. మిగతా నాలుగు ఇన్నింగ్స్ జెర్రీ వాకర్ అనే కుర్రాడు ఒక్క పరుగూ ఇవ్వకుండా కాపాడాడు. 7-4తో గెలిచారు. అదే విన్‌కు ఆఖరి గెలుపు కూడా.

విన్‌కు ఒకటే కావలసివచ్చింది, వెర్లాండర్‌కు 34. ఏడాదికి 12 చొప్పున గెలిచినా మూడేళ్ళు. గడచిన రెండేళ్ళ లెక్కన అయితే ఏడేళ్ళు పైనే. ఇప్పుడు పిచ్చర్లను త్వరగా దించేస్తున్నారు కూడా. కాబట్టి నా అంచనా, 300 రాదు. మా మనవడు మాత్రం వస్తుందనే పందెం కాశాడు. ఓడితే వాడికి నేను ఐస్‌క్రీం కొనిపెట్టాలి. ఓడిపోవాలనే ఉంది.