మనవరాలి లెక్కల పరీక్ష
(సంఘ వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



డి.ఏ. బకాయిల సంగతి కార్యదర్శిగారు చెప్పనే చెప్పారు. నేను మా మనవరాలు రాసిన లెక్కల పరీక్ష గురించి చెబుతాను.

ముప్పై నాలుగేళ్లు ట్రెజరీలో బిల్లులు చూసినవాణ్ణి. కూడికలు కంటితోనే వేసేవాణ్ణి. లెక్కలంటే అదేననుకున్నాను. తొమ్మిదో తరగతి చదివే మా మనవరాలు ఐ.ఓ.క్యూ.ఎం. అనే పరీక్ష రాసి వచ్చి, "ముప్పైలో ఎనిమిది చేశాను తాతయ్యా" అంది. "మిగతా ఇరవై రెండూ ఏమయ్యాయి? ఇందుకేనా ఇంత చదువు?" అన్నాను. పిల్ల మారు మాట్లాడకుండా లోపలికి వెళ్లిపోయింది. రెండు రోజులు నా దగ్గరికి రాలేదు. అప్పుడు ఆ ప్రశ్నపత్రం తీసుకుని నేనే కూర్చున్నాను. చీకటి పడేదాకా ఒక్కటీ తేలలేదు.

ఆ పరీక్ష 8 నుంచి 12 తరగతుల పిల్లలకు. ఇటీవలి ఏళ్లలో సెప్టెంబరులో జరుగుతోంది. మూడు గంటల్లో 30 ప్రశ్నలు, 100 మార్కులు. నాలుగు జవాబులిచ్చి ఒకటి ఎంచుకోమనడం ఉండదు. జవాబు 0 నుంచి 99 లోపు ఒక అంకె. దాన్ని తేల్చి ఓ.ఎం.ఆర్. కాగితంలో దిద్దాలి. ఇందులో నెగ్గినవారికి ప్రాంతీయ ఒలింపియాడ్, ఆపైన జాతీయ ఒలింపియాడ్. వాటిలో ఆరేసి ప్రశ్నలే. కానీ జవాబు ఒక్కటే చాలదు, ఎందుకో మెట్టుమెట్టుగా రాయాలి. మన నోట్‌ఫైలు లాంటిదే, పై అధికారి ఏ వాక్యం దగ్గరా కొర్రీ వేయకూడదు.

మా పిల్ల చెప్పిన ఉదాహరణ వినండి. ఈ హాల్లో అరవై మందిమి ఉన్నామనుకోండి. ఒక్కొక్కరికీ ఇక్కడ ఎంతమంది పరిచయమో లెక్క రాస్తే, ఇద్దరికైనా ఒకే సంఖ్య వచ్చి తీరుతుందట. పరిచయం ఇరువైపులా ఉండేదే. ఎవరికైనా సున్నా నుంచి 59 మంది దాకా తెలిసి ఉండవచ్చు. అయితే ఎవరూ తెలియనివాడు ఒకడుంటే, అందరూ తెలిసినవాడు ఉండడు. కాబట్టి ఆ రెండు సంఖ్యలూ ఒకేసారి రావు. మిగిలేవి 59 సంఖ్యలు, మనుషులం అరవై. కూడిక లేదు, గుణకారం లేదు! అది విన్నాక నాకు సిగ్గేసింది.

జాతీయ ఒలింపియాడ్‌లో మెరిసినవారికి ముంబయిలోని హోమీ భాభా విజ్ఞాన విద్యా కేంద్రం శిబిరం నడుపుతుంది. అందులోంచి ఆరుగురు అంతర్జాతీయ పోటీకి వెళతారు. అది 1959లో రుమేనియాలో మొదలైంది. మనవాళ్లు 1989 నుంచి వెళుతున్నారు. రెండు రోజులు, రోజుకు నాలుగున్నర గంటలు, మూడేసి ప్రశ్నలు, ప్రశ్నకు 7 మార్కులు. జట్టుగా వెళ్లినా ఎవరి పేపరు వారిదే. 2024లో ఇంగ్లండులోని బాత్‌లో మన పిల్లలు నాలుగు బంగారు పతకాలు తెచ్చారు, దేశానికి నాలుగో స్థానం వచ్చింది.

ఒక్క మనవి. మా పిల్ల బడిలో ఈ సంగతి ఎవరూ చెప్పలేదు. మొదటి ఏడాది గడువు దాటాకే తెలిసింది. మనకు తీరిక ఉంది కదా, వేసవి సెలవులు కాగానే బడికి వెళ్లి అడగండి. జె.ఇ.ఇ.కి పనికొస్తుందా అని మా అబ్బాయి అడుగుతూనే ఉంటాడు, అడగనివ్వండి.

మొన్న మళ్లీ రాసింది. పదకొండు చేసిందట, పై మెట్టు అందలేదు. తనకు రాని ప్రశ్న ఒకటి కాగితంమీద రాసి నాకిచ్చింది. నాలుగు రోజులుగా చొక్కా జేబులోనే ఉంది. ఎవరికైనా తోస్తే భోజనాల దగ్గర చెప్పండి.

సెలవు.