సాలూరు ఘాటీకి తగిన లారీ

పార్వతీపురం మన్యం జిల్లాలోని సాలూరు ఆంధ్రప్రదేశ్‌లో విజయవాడ తరువాత లారీ పరిశ్రమకు పేరుపడిన పట్టణం. ఇక్కడినుండి 26వ జాతీయ రహదారి సుంకి ఘాటీ మీదుగా ఒడిశాలోని కొరాపుట్ వైపు ఎక్కుతుంది కనుక, ఈ ఊరిలో లారీ ఎంపిక మైదానపు లెక్కలతో తేలదు.

కొనుగోలుదారు మొదట చూడవలసినది స్థూల బరువు, అనగా బండి, సరుకు, ఇంధనం, సిబ్బంది అన్నీ కలిసిన మొత్తం. రెండు ఇరుసుల లారీకి 16.2 టన్నులుగా ఉన్న ఈ బరువు పరిమితిని కేంద్రప్రభుత్వం 2018లో 18.5 టన్నులకు పెంచింది. ఛాసిస్‌పై కట్టించే బాడీ బరువూ ఇందులోనిదే కాబట్టి, కర్రా ఇనుమూ దండిగా వేసి కట్టిన బాడీ, చూపుకు ఎంత ఠీవిగా ఉన్నా, ఆ మేరకు సరుకును తగ్గిస్తుంది.

అయితే కొండదారిలో అసలు పరీక్ష ఎక్కుడు కాదు, దిగుడు. బ్రేకును అదేపనిగా తొక్కితే డ్రమ్ములు కాగి పట్టు సడలుతుంది. అందుచేత ఇంజను పొగ పోయే దారిని కొంత మూసి, ఆ ఒత్తిడితో వేగాన్ని అణచే ఎగ్జాస్ట్ బ్రేకు ఉన్న వాహనాన్ని, మలుపుల్లో సులువుగా తిరిగేందుకు వీల్‌బేస్, అంటే ముందువెనుక ఇరుసుల మధ్య దూరం, తక్కువగా ఉన్నదాన్ని ఎంచుకోవడం మేలు. హార్స్‌పవర్ అంకె ఒక్కటే చూసి మోసపోరాదు; నిండు బరువుతో ఎత్తు ఎక్కించేది తక్కువ వేగంలో ఇంజను ఇచ్చే టార్క్, అనగా తిప్పుడు బలం. వాడిన బండి కొనేవారు బేరానికి ముందే రిజిస్ట్రేషన్ పత్రంలోని ఖాళీ బరువును వేబ్రిడ్జి చీటీతో సరిపోల్చుకోవాలి.