గజయీతగాని గడియారము



అమ్మెడు వస్తువు పనితీరు వర్తకుడెరిగి యుండవలెను. కావున గడియారములందలి హీలియము కవాటమును గూర్చి రెండు మాటలు మనవి చేసెదను.

సముద్రగర్భమున దినముల తరబడి పనిచేయు గజయీతగాండ్రు ఒత్తిడి గదులలో నివసించుచు, హీలియము కలిసిన ప్రాణవాయువును పీల్చెదరు. హీలియము కణములు మిక్కిలి సూక్ష్మములు. రబ్బరు బిగింపులను దాటి గడియారములోనికి జొరబడును. పిదప గదిలో ఒత్తిడి తగ్గించునప్పుడు అవి త్వరగా వెలికి రాలేక అద్దమునే ఊడదన్నును. ఇందుకు విరుగుడుగా ఒక కవాటమునకు రోలెక్స్ సంస్థ 1967లో పేటెంటు కోరెను. లోపలి ఒత్తిడి హెచ్చినపుడు అందలి స్ప్రింగు అణగి, వాయువు వెలికి పోవును. నీరు మాత్రము లోనికి రాదు. పెక్కు ఒమేగా సీమాస్టరులలో ఆ మరను చేతితో విప్పవలెను. సైకో సంస్థ 1975లో వాయువే జొరబడని బిగింపును చేసి, కవాటము నక్కరలేకుండ జేసినది.

నకళ్లలో పెక్కింటికి కవాటము పైపై అలంకారమే. రంధ్రముండి బిగింపు చెడినచో ఆ దారినే నీరు వచ్చును. చూపునకు రెండును ఒక్కటే.

ఈతకొలనుకు పోవువానికి ఈ కవాటముతో పనిలేదు. ఆ సంగతి చెప్పియే అమ్ముట ధర్మము. నకలును అసలని అంటగట్టుట తాతలనాటి నమ్మికను అమ్ముకొనుటయే.